పాపర్ పోటీలకు టోకెన్ డెక్ తయారుచేసుకోవడం ఎలా?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో టోకెన్ డెక్ (కార్డులు పుట్టించే టోకెన్లతో, అంటే జీవుల గుర్తులతో, గెలవాలని చూసే కార్డుల కట్ట) అనగానే బల్ల నిండా పరుచుకున్న చిన్న చిన్న సైనికులూ పక్షులూ గుర్తుకు వస్తాయి. అందుకే కొత్తగా ఇటువంటి డెక్ కట్టుకునేవారు టోకెన్లు పుట్టించే కార్డులు ఎన్ని దొరికితే అన్నీ అందులో పెట్టేస్తారు. ఆ డెక్ ఇంట్లో స్నేహితుల మీద బాగానే నడుస్తుంది. పోటీలో మాత్రం రెండు రౌండ్లు దాటేసరికి దాని కొరత బయటపడుతుంది: పుట్టిన టోకెన్లను గెలుపుగా మార్చే కార్డు చేతిలో ఉండదు, వాటిని ఒక్క దెబ్బకు తుడిచిపెట్టే కార్డు మాత్రం ప్రత్యర్థి చేతిలో ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసంలో డెక్‌ను టోకెన్ల లెక్కతో మొదలుపెట్టకుండా, ఒక్కొక్క కార్డు ఎన్ని పనులు చేయగలదన్న లెక్కతో కట్టుకుంటూ వెళదాం. ఇందుకు నేను ఎంచుకున్నది పాపర్ అనే పోటీ పద్ధతి, అందులో తెలుపు-ఎరుపు రంగుల టోకెన్ డెక్. దీనినే ఆటగాళ్లు బోరోస్ బుల్లీ అని పిలుస్తూ వచ్చారు.

మొదటి అడుగు: పద్ధతి నియమాలూ నిషేధ జాబితా చూసుకోండి

పాపర్‌లో కామన్ కార్డులు (అన్నింటికంటే సులభంగా దొరికే శ్రేణివి) మాత్రమే వాడాలి. డెక్‌లో కనీసం 60 కార్డులు, సైడ్‌బోర్డులో (ఆటకూ ఆటకూ మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డులలో) గరిష్ఠంగా 15 కార్డులు ఉంటాయి. బేసిక్ ల్యాండ్లు (మిగిలిన కార్డులు వేయడానికి కావలసిన మానా అనే శక్తిని ఇచ్చే మామూలు కార్డులు) తప్ప ఏ కార్డూ రెండింటిలో కలిపి నాలుగు ప్రతులకు మించకూడదు. ఒక కార్డు కాగితం మీద గానీ మ్యాజిక్ ఆన్‌లైన్‌లో గానీ ఒక్కసారి కామన్‌గా వచ్చి ఉంటే చాలు, దాని ఏ ముద్రణనైనా వాడుకోవచ్చు. ఉదాహరణకు మనం వాడబోయే బ్యాటిల్ స్క్రీచ్ 2002 నాటి జడ్జ్‌మెంట్ సెట్‌లో అన్‌కామన్‌గా (కామన్ కంటే ఒక మెట్టు అరుదుగా) వచ్చింది. తరువాత కామన్‌గా కూడా వచ్చినందువల్ల మీ దగ్గర ఉన్న పాత ప్రతి కూడా చెల్లుతుంది. కాగితం ఆటకూ ఆన్‌లైన్ ఆటకూ 2019లో ఒకే జాబితా ఏర్పడింది కాబట్టి ఇప్పుడు ఈ విషయంలో గందరగోళం లేదు.

నిషేధ జాబితాను కార్డులు కొనకముందే చూడాలని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే పాపర్‌లో టోకెన్లు పుట్టించే కార్డుల మీద వేటు పడటం కొత్తేమీ కాదు. ఎంప్టీ ది వారెన్స్‌ను 2013లో, చాటర్‌స్టార్మ్‌ను 2021లో, కుల్డోథా రీబర్త్‌ను 2025లో నిషేధించారు. ఈ మూడూ అతి తక్కువ మానాతో అతి ఎక్కువ మందిని బల్ల మీదికి తెచ్చిన కార్డులే. పాత డెక్ జాబితాలను చూసి కార్డులు పోగుచేసుకునేవారికి ముఖ్యంగా చివరి కార్డు విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది చాలాకాలం పాటు ఎరుపు డెక్కులకు ఆయువుపట్టుగా ఉండేది.

రెండో అడుగు: టోకెన్ స్వభావాన్ని నియమాల ప్రకారం తెలుసుకోండి

టోకెన్ అనేది కార్డు కాదు. అది బల్ల మీద ఉన్నంతసేపే ఉంటుంది. చచ్చినా, చేతికి తిరిగి వెళ్లినా, ఎక్సైల్ అయినా (ఆట నుంచి పక్కకు తీసేసినా) ఇక దానికి ఉనికి ఉండదు. మామూలు క్రీచర్‌ను (దాడి చేయగల జీవి కార్డును) చేతికి పంపే నీలం కార్డు ప్రత్యర్థికి కాస్త సమయాన్ని మాత్రమే ఇస్తుంది, అదే కార్డు టోకెన్ మీద వేస్తే అది చంపడంతో సమానం. ఎకోయింగ్ ట్రూత్ వంటి కార్డు ఒకే పేరున్న వాటన్నింటినీ ఒకేసారి చేతికి పంపుతుంది కాబట్టి మీ నాలుగు పక్షి టోకెన్లూ రెండు మానాకే మాయమవుతాయి. డెక్‌లోని క్రీచర్లన్నీ ఒకే పేరు టోకెన్లు కాకుండా, కొన్ని నిజమైన కార్డులూ కలిసి ఉండాలనడానికి ఇదొక కారణం.

ఇక మనకు కలిసొచ్చే నియమం ఒకటి ఉంది. ఈ టర్న్‌లోనే (ఆటగాడి వంతులోనే) వచ్చిన క్రీచర్ దాడి చేయకూడదు, తన సొంత ట్యాప్ గుర్తు (కార్డును పక్కకు తిప్పి వాడాలన్న గుర్తు) ఉన్న శక్తినీ వాడుకోకూడదు. అయితే మరొక కార్డు ఖర్చు కింద దానిని ట్యాప్ చేయడానికి ఈ అడ్డంకి వర్తించదు. బ్యాటిల్ స్క్రీచ్ బలమంతా ఈ ఒక్క నియమం మీదే ఆధారపడి ఉంది.

మూడో అడుగు: టోకెన్లు పుట్టించే ప్రధాన కార్డును ఎంచుకోండి

బ్యాటిల్ స్క్రీచ్ ఖర్చు నాలుగు మానా, అందులో రెండు తెలుపు. అది ఎగరగల 1/1 (కొట్టే బలం 1, తట్టుకునే శక్తి 1) తెల్ల పక్షి టోకెన్లను రెండింటిని ఇస్తుంది. నాలుగు మానాకు రెండు పిట్టలంటే అది మామూలు బేరమే. కానీ దీనికి ఫ్లాష్‌బ్యాక్ (వాడేసిన కార్డును వేరే ఖర్చుతో ఇంకోసారి వేసే వీలు) ఉంది, ఆ ఫ్లాష్‌బ్యాక్ ఖర్చులో మానా లేదు. ట్యాప్ కాని మూడు తెల్ల క్రీచర్లను ట్యాప్ చేస్తే సరిపోతుంది. అప్పుడే పుట్టిన రెండు పక్షులు, వాటికి తోడు అంతకుముందే బల్ల మీద ఉన్న ఒక తెల్ల క్రీచర్, ఈ మూడింటిని ట్యాప్ చేసి గ్రేవ్‌యార్డ్ (వాడేసిన, చచ్చిన, పారవేసిన కార్డుల కుప్ప) నుంచి అదే కార్డును మళ్లీ వేయవచ్చు. ఫలితంగా నాలుగో టర్న్‌లో, నాలుగు మానాకు, ఒకే కార్డుతో ఎగిరే టోకెన్లు నాలుగు వస్తాయి. కామన్ కార్డుల్లో ఇంత లాభసాటి టోకెన్ కార్డు మరొకటి ఉందని నేను అనుకోను. నాలుగు ప్రతులూ పెట్టండి.

ఈ ఒక్క నిర్ణయంతో డెక్‌లో మిగిలిన భాగానికి దారి ఏర్పడుతుంది. నాలుగో టర్న్‌కు బల్ల మీద కనీసం ఒక తెల్ల క్రీచర్ ఉండాలి కాబట్టి ఒకటి, రెండు మానాల తెల్ల క్రీచర్లు దండిగా కావాలి. గ్రేవ్‌యార్డ్ నుంచి మానా ఖర్చు లేకుండా వేయగలం కాబట్టి చేతిలోని స్క్రీచ్‌ను పారవేసే కార్డులు కూడా లాభమే.

నాలుగో అడుగు: చవకైన తెల్ల క్రీచర్లను చేర్చండి

మొదటి టర్న్‌కు థ్రేబెన్ ఇన్‌స్పెక్టర్ నాలుగు. ఒక మానాకు 1/2 శరీరంతో పాటు ఒక క్లూ టోకెన్ ఇస్తుంది. తరువాత రెండు మానా పెట్టి ఆ క్లూను వదులుకుంటే ఒక కార్డు తీసుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్ దాడికి పెద్దగా పనికిరాదు. నిజానికి దాని అసలు పని ఇంటి దగ్గర ట్యాప్ కాకుండా కూర్చుని స్క్రీచ్‌కు మూడో క్రీచర్‌గా ఉపయోగపడటమే.

రెండో టర్న్‌కు స్క్వాడ్రన్ హాక్ నాలుగు. ఇది ఎగిరే 1/1; బల్ల మీదికి రాగానే డెక్‌లోని మిగిలిన మూడు హాక్‌లనూ వెతికి చేతికి తెచ్చుకోవచ్చు. ఒక కార్డు నాలుగు కార్డులవుతుందన్నమాట. ఇవి టోకెన్లు కావు కాబట్టి ఎకోయింగ్ ట్రూత్ వంటి కార్డు వీటిని చేతికి పంపినా మళ్లీ వేసుకోవచ్చు. చేతిలో ఎక్కువైన హాక్‌లు పారవేయడానికి కూడా అక్కరకు వస్తాయి.

రఫీన్స్ ఇన్‌ఫార్మంట్ నాలుగు. రెండు మానాకు 2/1. వచ్చిన వెంటనే ఒక కార్డు తీసుకుని ఒక కార్డు పారవేస్తుంది, పారవేసినది ల్యాండ్ కాకపోతే దాని మీద +1/+1 కౌంటర్ (బలాన్నీ తట్టుకునే శక్తినీ ఒక్కొక్కటి పెంచే గుర్తు) ఒకటి చేరుతుంది. ఈ కార్డును చాలామంది కేవలం చేతిని సర్దుకోవడానికి వాడతారు, కానీ మన డెక్‌లో దాని విలువ అంతకంటే ఎక్కువ. మొదటి టర్న్‌లో ఇన్‌స్పెక్టర్, రెండో టర్న్‌లో హాక్ వేశారనుకోండి. మూడో టర్న్‌లో ఇన్‌ఫార్మంట్ వేసి చేతిలోని బ్యాటిల్ స్క్రీచ్‌ను పారవేయండి. ఇన్‌ఫార్మంట్ 3/2 అవుతుంది, వెంటనే ఆ మూడు తెల్ల క్రీచర్లనూ ట్యాప్ చేసి స్క్రీచ్‌ను ఫ్లాష్‌బ్యాక్ చేస్తే మూడో టర్న్‌లోనే రెండు పక్షులు దిగుతాయి, ఒక మానా ఇంకా చేతిలో మిగిలే ఉంటుంది. నాలుగు మానా కార్డును మానా లేకుండా వాడుకున్నామన్నమాట, అయితే దాని మొదటి సగాన్ని వదులుకున్నాం. చేతిలో రెండు స్క్రీచ్‌లు ఉన్నప్పుడు ఈ మార్గం దాదాపు ఎప్పుడూ సరైనదే.

కోర్ స్కైఫిషర్ నాలుగు. రెండు మానాకు ఎగిరే 2/3 దొరకడం కామన్లలో అరుదు. అందుకు బదులుగా బల్ల మీద మీకున్నవాటిలో ఒకదానిని చేతికి తెచ్చుకోవాలి. ఇన్‌స్పెక్టర్‌ను తెచ్చుకుని మళ్లీ వేస్తే మరో క్లూ వస్తుంది. ట్యాప్ అయిన ల్యాండ్‌ను తెచ్చుకోవచ్చు. పక్షి టోకెన్‌ను మాత్రం పొరపాటున కూడా ఎంచుకోకండి, అది చేతికి రాదు, మాయమవుతుంది.

దీంతో తెల్ల క్రీచర్లు పదహారు అయ్యాయి.

ఐదో అడుగు: టోకెన్లను గెలుపుగా మార్చే కార్డును పెట్టండి

ఖరీదైన పద్ధతుల్లో తెల్ల టోకెన్ డెక్కులు ఇంటాంజిబుల్ వర్చ్యూ వంటి ఎంచాంట్‌మెంట్లను వాడతాయి. అవి బల్ల మీద ఉన్నంతకాలం ప్రతి టోకెన్‌కూ +1/+1 ఇస్తూనే ఉంటాయి. కామన్లలో అటువంటి మంచి కార్డులు తక్కువ. మనకు ఉన్నది ర్యాలీ ది పెజంట్స్. మూడు మానా ఇన్‌స్టంట్ (దాడి మధ్యలో కూడా వేయగల కార్డు). దాడి చేస్తున్న క్రీచర్లన్నింటికీ ఆ టర్న్ అంతా +2/+0. దీనికీ ఫ్లాష్‌బ్యాక్ ఉంది, ఈసారి ఖర్చు మూడు మానా, అందులో ఒకటి ఎరుపు. డెక్‌లో ఎరుపు రంగు కలపడానికి మొదటి కారణం ఇదే.

దీని విలువను లెక్క వేసి చూడండి. ఒక్క క్రీచర్‌తో దాడి చేస్తూ ర్యాలీ వేస్తే మూడు మానాకు రెండు దెబ్బలు అదనంగా వస్తాయి, ఒక మానా లైట్నింగ్ బోల్ట్ మూడు దెబ్బలు ఇస్తుంటే ఇది చాలా చెడ్డ బేరం. నలుగురితో వేస్తే ఎనిమిది, ఆరుగురితో వేస్తే పన్నెండు. అంటే ర్యాలీ చేతిలో ఉన్నంత మాత్రాన వేయవలసిన కార్డు కాదు. మంచి వరుస పడితే ఆట ఎలా సాగుతుందో చూడండి: మొదటి టర్న్ ఇన్‌స్పెక్టర్, రెండో టర్న్ హాక్, మూడో టర్న్‌లో ఆ హాక్‌తో దాడి చేసి ఇంకొక హాక్ వేస్తారు, ప్రత్యర్థి 20 ప్రాణాల నుంచి 19కి వస్తాడు, నాలుగో టర్న్‌లో రెండు హాక్‌లతో దాడి చేశాక స్క్రీచ్ వేసి, ఇన్‌స్పెక్టర్ సాయంతో ఫ్లాష్‌బ్యాక్ కూడా చేస్తారు, ప్రత్యర్థి 17 మీద ఉంటాడు, ఐదో టర్న్‌లో ఎగిరేవి ఆరు, ర్యాలీతో ఒక్కొక్కటి మూడు చొప్పున పద్దెనిమిది దెబ్బలు. ఆట అయిపోతుంది. ప్రత్యర్థి ఊరుకోడు కాబట్టి ఇంత సాఫీగా జరగడం అరుదు, కానీ డెక్ ఎంత వేగంగా ముగించగలదో తెలిస్తేనే ఏ టర్న్‌లో ఏది దాచుకోవాలో నిర్ణయించుకోగలరు.

ప్రత్యర్థి తన బ్లాకర్లను (దాడిని అడ్డుకునే క్రీచర్లను) ప్రకటించిన తరువాతే ర్యాలీ వేయండి. ముందే వేస్తే ప్రత్యర్థి తన బ్లాక్‌లను దానికి తగినట్లు మార్చుకుంటాడు. నాలుగు ప్రతులు సరిపోతాయి.

ఆరో అడుగు: అడ్డు తొలగించేవీ, కాపాడేవీ

లైట్నింగ్ బోల్ట్ నాలుగు, జర్నీ టు నోవేర్ మూడు. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మొదటిది చిన్నవాటికీ చివరి మూడు ప్రాణాలకూ, రెండోది బోల్ట్‌కు లొంగని పెద్దవాటికీ. ఫెయిత్‌లెస్ లూటింగ్ నాలుగు: ఒక ఎరుపు మానాకు రెండు కార్డులు తీసుకుని రెండు పారవేస్తారు, తరువాత ఫ్లాష్‌బ్యాక్ కూడా ఉంది. అనవసరమైన ల్యాండ్లూ మిగిలిన హాక్‌లూ దీనితో పనికొచ్చే కార్డులుగా మారతాయి, పారవేసిన స్క్రీచ్, ర్యాలీ, ఇప్పుడే చెప్పబోయే ప్రిస్మాటిక్ స్ట్రాండ్స్ ఎలాగూ గ్రేవ్‌యార్డ్ నుంచి పనిచేస్తాయి.

ఈ డెక్‌లో ఆలోచించి వాడవలసిన కార్డు ప్రిస్మాటిక్ స్ట్రాండ్స్. మూడు ప్రతులు పెట్టండి. మూడు మానా ఇన్‌స్టంట్. మీరు ఎంచుకున్న రంగు మూలాల నుంచి ఆ టర్న్‌లో వచ్చే దెబ్బలన్నింటినీ ఆపేస్తుంది. ఫ్లాష్‌బ్యాక్ ఖర్చు ట్యాప్ కాని తెల్ల క్రీచర్ ఒకటి. లూటింగ్‌తో స్ట్రాండ్స్‌ను పారవేసి ఉంటే, మీ దగ్గర మానా ఒక్కటి కూడా లేని టర్న్‌లో ప్రత్యర్థి తన సర్వశక్తితో దాడికి వచ్చినా ఒక పిట్టను ట్యాప్ చేసి ఆ దాడిని వమ్ము చేయవచ్చు.

టోకెన్ డెక్‌కు అసలు శత్రువులు బల్లంతా తుడిచే కార్డులు. ఇద్దరి క్రీచర్లలో దాదాపు అన్నింటికీ రెండేసి దెబ్బలు కొట్టే ఫియరీ క్యాననేడ్, బ్రెత్ వెపన్ ఎరుపువి. వాటికి ఎదురుగా స్ట్రాండ్స్ వేసి ఎరుపు అనండి, ఒక్క పక్షి కూడా పోదు. క్రిప్ట్ ర్యాట్స్ కొట్టేదీ దెబ్బే, కాబట్టి నలుపు అంటే సరిపోతుంది. కానీ సఫొకేటింగ్ ఫ్యూమ్స్ వంటివి దెబ్బ కొట్టవు, మీ క్రీచర్లన్నింటికీ -1/-1 ఇస్తాయి. వాటి ముందు స్ట్రాండ్స్ ఏమీ చేయలేదు. ప్రత్యర్థి కార్డు మీద దెబ్బ అని రాసి ఉందా, తగ్గింపు అని రాసి ఉందా అన్నది చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. రంగులేని వస్తువు కొట్టే దెబ్బను కూడా స్ట్రాండ్స్ ఆపలేదు, ఎందుకంటే మీరు అయిదు రంగుల్లో ఒకదానినే ఎంచుకోగలరు.

ఏడో అడుగు: ల్యాండ్లు

ఇప్పటికి 38 కార్డులయ్యాయి, మిగిలిన 22 ల్యాండ్లు. డెక్‌కు ప్రధానమైన రంగు తెలుపు. ఎరుపు బోల్ట్‌కూ, లూటింగ్‌కూ, ర్యాలీ రెండో సగానికీ కావాలి. ప్లెయిన్స్ తొమ్మిది, మౌంటెన్ నాలుగు, విండ్-స్కార్డ్ క్రాగ్ నాలుగు, రస్ట్‌వేల్ బ్రిడ్జ్ మూడు, బోరోస్ గ్యారిసన్ రెండు పెట్టుకుంటే తెలుపు ఇచ్చేవి 18, ఎరుపు ఇచ్చేవి 13 అవుతాయి. ఇందులో తొమ్మిది ల్యాండ్లు ట్యాప్ అయి వస్తాయి. ఈ సంఖ్యను ఇంతకు మించి పెంచకండి, ఒక్క టర్న్ వెనకబడితే ఈ డెక్ చాలా నష్టపోతుంది. గ్యారిసన్ వచ్చేటప్పుడు మీ ల్యాండ్ ఒకదానిని చేతికి పంపుతుంది కాబట్టి మొదటి చేతిలో అది తప్ప మరొక ల్యాండ్ లేకపోతే ఆ చేతిని ఉంచుకోవద్దు.

22 ఎందుకంటే, రెండోగా ఆడేవారు నాలుగో టర్న్‌కు పదకొండు కార్డులు చూస్తారు, వాటిలో సగటున నాలుగు ల్యాండ్లు ఉంటాయి. మనకు సరిగ్గా కావలసినవి నాలుగే. అదే పదకొండు కార్డుల్లో నాలుగు ప్రతులున్న బ్యాటిల్ స్క్రీచ్ కనీసం ఒకటి కనబడే అవకాశం 56 శాతం పైచిలుకు. లూటింగ్, ఇన్‌ఫార్మంట్, క్లూ వల్ల అది ఇంకా పెరుగుతుంది. స్క్రీచ్ రాని ఆటలు కూడా బోలెడు ఉంటాయి కనుక హాక్‌లూ స్కైఫిషర్లూ ఒంటరిగా ఆట నెట్టుకురాగలగాలి.

ఎనిమిదో అడుగు: ఒంటరిగా, తరువాత ఎదుటివారితో పరీక్షించండి

ముందు ప్రత్యర్థి లేకుండా చేతులు తీసి చూడండి. ఏడు కార్డులలో రెండు నుంచి నాలుగు ల్యాండ్లు, తెలుపు రంగు, మొదటి రెండు టర్న్‌లలో దింపగల క్రీచర్ ఒకటి ఉంటే ఉంచుకోవచ్చు. రెండు ర్యాలీలు, రెండు స్ట్రాండ్స్, మూడు ల్యాండ్లు ఉన్న చేయి చూడటానికి బాగానే ఉన్నా దానితో బల్ల మీద మనిషి ఉండడు. దానిని మార్చుకోండి. మార్చుకున్నప్పుడు మళ్లీ ఏడు కార్డులు తీసుకుని ఒక్క కార్డును మాత్రమే డెక్ అడుగున పెడతారు కాబట్టి నష్టం మీరు భయపడేంత పెద్దది కాదు.

ఎదుటివారితో ఆడేటప్పుడు ప్రతి ఆట చివర చేతిలో వాడకుండా మిగిలిపోయిన కార్డుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఓడిన ఆటల్లో పదేపదే ర్యాలీ మిగిలిపోతుంటే క్రీచర్లు చాలడం లేదని అర్థం, ర్యాలీ ఒకటి తగ్గించండి. స్క్రీచ్ మిగిలిపోతుంటే ల్యాండ్ల లెక్క చూడండి.

తొమ్మిదో అడుగు: స్క్రీచ్‌ను ఎప్పుడు, ఎలా వేయాలో నేర్చుకోండి

ఈ డెక్ ఆడేవారిలో నేర్పున్నవారెవరో స్క్రీచ్ వేసే టర్న్‌లో తెలిసిపోతుంది. మొదటి విషయం, దాడి ముందా, స్క్రీచ్ ముందా? దాడి చేసిన క్రీచర్ ట్యాప్ అవుతుంది, దానిని ఫ్లాష్‌బ్యాక్‌కు వాడుకోలేరు. కాబట్టి ఎగిరేవాటితో దాడి చేసి, ఇన్‌స్పెక్టర్‌ను ఇంటి దగ్గర ఉంచి, దాడి ముగిశాక రెండో మెయిన్ ఫేజ్‌లో స్క్రీచ్ వేయండి. అలా చేస్తే ప్రత్యర్థి మీ చేతిలో ఏముందో తెలియకుండానే బ్లాక్‌లు నిర్ణయించుకోవలసి వస్తుంది.

రెండో విషయం, మొదటి స్క్రీచ్ ఇంకా స్టాక్ మీద ఉండగానే (వేశాక దాని ఫలితం రాకముందే) ప్రత్యర్థి మీ ఇన్‌స్పెక్టర్‌ను చంపవచ్చు. అప్పుడు పక్షులు రెండే ఉంటాయి, మూడో క్రీచర్ లేక ఫ్లాష్‌బ్యాక్ ఆగిపోతుంది. ఎదుటివారి దగ్గర ఎరుపు మానా తెరిచి ఉంటే ఇంటి దగ్గర ఒకరికి బదులు ఇద్దరిని ట్యాప్ చేయకుండా ఉంచండి. మొదటి స్క్రీచ్ పూర్తయిన తరువాత మాత్రం మాట వేరు. స్పెల్ వేసే అవకాశం ముందు మీకే వస్తుంది, ట్యాప్ చేయడం ఖర్చు కాబట్టి దానికి అడ్డు చెప్పే వీలుండదు, స్క్రీచ్ అప్పుడే గ్రేవ్‌యార్డ్‌లోకి చేరింది కాబట్టి దానిని అక్కడి నుంచి తీసేసే వ్యవధి కూడా ప్రత్యర్థికి ఉండదు. ఆ ఫ్లాష్‌బ్యాక్ స్పెల్‌ను కౌంటర్ (రద్దు) చేయవచ్చు, అంతే.

మూడోది, అన్నింటికంటే కష్టమైనది: రెండో సగాన్ని వెంటనే వేయాలా, దాచుకోవాలా? ప్రత్యర్థి ఎరుపు లేదా నలుపు డెక్ ఆడుతూ, మూడు నాలుగు మానా తెరిచి, తన క్రీచర్లను దింపకుండా కాచుకుని ఉంటే బల్ల తుడిచే కార్డు అతని చేతిలో ఉందనుకోవాలి. అప్పుడు రెండు పక్షులతో ఒత్తిడి చేస్తూ ఫ్లాష్‌బ్యాక్‌ను గ్రేవ్‌యార్డ్‌లో దాచండి; అతను తుడిచాక ఎలాగైనా మూడు తెల్ల క్రీచర్లను తిరిగి నిలబెట్టగలరా అన్నది ముందే లెక్క వేసుకోండి, నిలబెట్టలేకపోతే దాచిన కార్డు శవమే. ప్రత్యర్థి దగ్గర రెలిక్ ఆఫ్ ప్రోజెనిటస్ వంటి గ్రేవ్‌యార్డ్ ఖాళీ చేసే వస్తువు కనబడితే మాత్రం దాచడం తప్పు, వెంటనే వేసేయాలి. రెండు ప్రమాదాలూ ఉన్న ఆటలో నేను ఎక్కువగా వెంటనే వేయడానికే మొగ్గుతాను, ఎందుకంటే నాలుగు ఎగిరే టోకెన్లు ప్రత్యర్థిని తన తుడిచే కార్డును తొందరపడి వాడేలా చేస్తాయి, ఆ తరువాత చేతిలోని హాక్‌లు సురక్షితంగా దిగుతాయి.

పదో అడుగు: సైడ్‌బోర్డు

నీలం డెక్కుల కోసం పైరోబ్లాస్ట్ నాలుగు. ఆర్టిఫాక్ట్ (వస్తువు కార్డుల) డెక్కుల కోసం డస్ట్ టు డస్ట్ మూడు. నాశనం కాని బ్రిడ్జ్ ల్యాండ్లను పగలగొట్టడం కుదరదు గానీ ఇది రెండు ఆర్టిఫాక్ట్‌లను ఎక్సైల్ చేస్తుంది, అందుకే దీనికి ప్రాధాన్యం. ఎల్ఫ్‌లూ ఫేరీలూ వంటి ఒక ప్రాణం క్రీచర్లకు ఎలెక్ట్రికరీ రెండు, అది మీ క్రీచర్లను తాకదు. ఒకే క్రీచర్ మీద ఆరాలూ (క్రీచర్‌కు తగిలించే కార్డులూ) మంత్రాలూ పేర్చే డెక్కులకు స్టాండర్డ్ బేరర్ రెండు. నాలుగో ప్రిస్మాటిక్ స్ట్రాండ్స్ ఒకటి.

గ్రేవ్‌యార్డ్ డెక్కుల కోసం ఫేరీ మకాబ్రె మూడు. చాలామంది ఇక్కడ అలవాటు కొద్దీ రెలిక్ పెడతారు, కానీ రెలిక్‌ను చివరిగా వాడినప్పుడు మీ గ్రేవ్‌యార్డ్ కూడా ఖాళీ అవుతుంది, మన డెక్‌లో పదిహేను కార్డులు అక్కడి నుంచే పనిచేస్తాయి. మకాబ్రెను చేతి నుంచి పారవేస్తే మీరు కోరిన రెండు కార్డులు మాత్రమే పోతాయి, మానా కూడా అక్కరలేదు.

కార్డులు మార్చేటప్పుడు స్క్రీచ్‌నూ తెల్ల క్రీచర్లనూ కదిలించకండి. బోల్ట్‌కు చంపదగినది ఏదీ లేని డెక్ ఎదురైతే బోల్ట్ తీయండి, ఎక్కువ క్రీచర్లు లేని డెక్ మీద జర్నీ తీయండి, -1/-1 కార్డులున్న నల్ల డెక్ మీద స్ట్రాండ్స్ తగ్గించండి. ఒక ఆటకు నాలుగైదు కార్డులకు మించి మారిస్తే డెక్ తన నడక కోల్పోతుంది.

పోటీకి వెళ్లే ముందు

డెక్ జాబితా రాసి 60, 15 అని రెండుసార్లు లెక్కపెట్టుకోండి. ఇంట్లో సాధనకు అచ్చు తీసిన నకలు కార్డులు వాడుకోవచ్చు గానీ అధికారిక పోటీలో అసలు కార్డులే ఉండాలి. ఎనిమిది తెల్ల పక్షి టోకెన్లూ, నాలుగు క్లూ టోకెన్లూ వెంట తీసుకువెళ్లండి. ఒక పాచిక పెట్టి దాని మీది అంకెతో నాలుగు పక్షులని చూపించడం సౌకర్యంగా అనిపించినా ఈ డెక్‌లో అది పనికిరాదు, ఎందుకంటే నాలుగింటిలో రెండు ట్యాప్ అయి రెండు నిలబడి ఉండటం ఇక్కడ ప్రతి ఆటలోనూ జరిగేదే, ఏది ఏ స్థితిలో ఉందో ఇద్దరికీ బల్ల మీద చూడగానే తెలియాలి. ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క కార్డు పెట్టి, ట్యాప్ చేసినప్పుడు దానిని పక్కకు తిప్పండి. ఈ టర్న్‌లో పుట్టినవాటిని మీ తరువాతి టర్న్ వచ్చేదాకా పాతవాటికి కాస్త దూరంగా ఉంచితే ఏవి దాడి చేయగలవన్న ప్రశ్నే రాదు.